పద్దెనిమిదో పేరు

"మరి నా పేరు రాలేదేందమ్మా?"

తడిగుడ్డను బకెట్లో వేసి, నేల మీద నుంచి లేవకుండానే అడిగింది లచ్చమ్మ. గొంతులో నిష్ఠూరమేమీ లేదు. రేషన్ షాపు వరసలో తన వంతు దాటేశారేమోనని అడిగినట్టు అడిగింది.

కుసుమకుమారి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. అప్పటిదాకా ఆమె అప్పులవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతోంది. ఒకటో పేరు కంప్యూటర్లకు అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ, పంజాగుట్ట. పదిహేడో పేరు కోర్సు పుస్తకాలు కాపీ తీసిచ్చిన జెరాక్స్ షాపు. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న జాన్‌బాబు గారు పేరు పేరుకీ పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటున్నారు. ఆయన కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరై, కింది వాటాలో అద్దెకుంటున్నారు.

కిటికీ దగ్గర పడక్కుర్చీలో రామకృష్ణ వీధి వంక చూస్తున్నాడు. లచ్చమ్మ మాట వినబడనట్టే చూస్తున్నాడు. పాతికేళ్ళు కాపురం చేసిన ఆడదానికి, మొగుడు వినబడి ఊరుకున్నాడో వినబడక ఊరుకున్నాడో వీపు చూస్తే తెలుస్తుంది.

"నీ పేరు ఎందుకు రావాలి లచ్చమ్మా?" అంది కుసుమకుమారి.

"నేను సుత ఇచ్చిన గద. ముప్పై ఐదు వేలు. సారు నీకు చెప్పలేదా?"

బల్కంపేట నుంచి మైకులో పాట గాలికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది. ఆ రోజు ఎల్లమ్మ కల్యాణం. లచ్చమ్మ పొద్దున్నే వెళ్ళి జనంలో తోపులాట పడి, నుదుటి నిండా అమ్మవారి పసుపు, బండారు పెట్టుకుని, పని మాత్రం ఎగ్గొట్టకుండా వచ్చింది. అట్లాంటి మనిషి అబద్ధమాడుతోందని అనుకోవడానికి కుసుమకుమారికి ఒక్క కారణమూ దొరకలేదు.

"నీది వేరు లచ్చమ్మా," అన్నాడు రామకృష్ణ వీధి వైపు నుంచి తల తిప్పకుండా. "నీ సంగతి నేను చూసుకుంటానన్నానుగా."

జాన్‌బాబు గారు పెన్సిలు కింద పెట్టారు.

ఈ ఇంటికి గురువారం గండం. ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు డిక్రీ తెచ్చుకుని, బాకీ కట్టనందుకు రామకృష్ణను సివిల్ జైలుకు పంపమని కోర్టును అడిగారు. ఆ వాయిదా గురువారం. ఈలోగా, అంటే రేపు బుధవారం, దివాలా పిటిషన్ వేసి ఆ కాగితం చూపిస్తే అరెస్టు ఆపమని అడగవచ్చు. ఆపి తీరతారని నేను మాటివ్వలేనమ్మా, అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది అంతే అని జాన్‌బాబు గారు ముందే చెప్పారు.

దివాలా పిటిషన్ అనేది కోర్టు మాట. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో దాని పేరు ఐ.పి. ఫలానావాడు ఐ.పి. పెట్టాడట అంటే, ఆ ఊళ్ళో వాడి ఇంటి ముందు నుంచి నడిచేవాళ్ళు కూడా అడుగు తొందరగా వేస్తారు. ఆ మాట తన ఇంట్లో పుడుతుందని రామకృష్ణ కలలో కూడా అనుకోలేదు. రెండేళ్ళ కిందట అమీర్‌పేటలో మేడ మీద ఖాళీ గది కనబడితే చాలు, వారం తిరిగేసరికి దానికి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వేలాడేది. అప్పటికి తొమ్మిదేళ్ళుగా చిన్నగా నడుపుకుంటున్న తన ఇన్‌స్టిట్యూట్‌ను అప్పుడే అతను పెద్దది చేశాడు. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పింది చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేసే ఉద్యోగాలకు తర్ఫీదు. నలభై కంప్యూటర్లు, నలభై హెడ్‌ఫోన్లు, టేపును ఆపడానికి కాలితో నొక్కే పెడళ్ళు నలభై. ఏడాదిన్నర తిరక్కముందే అక్కడి కంపెనీలు చతికిలబడ్డాయి. ఇక్కడ నేర్చుకున్నవాళ్ళకు ఉద్యోగం లేదు, నేర్చుకోవడానికి కొత్తవాళ్ళు రాలేదు. ఇప్పుడు ఆ పెడళ్ళలో మిగిలినవి మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. ఒకటి మాత్రం బల్ల మీద, పిటిషన్ కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది.

లాయరు సంగతి రెండు వారాల కిందే తేలిపోయింది. ఆయన ఇరవై వేలు ఫీజు అడిగి, అది చాలనట్టు ఒక సలహా కూడా ఇచ్చాడు. చుట్టాల్లో నలుగురి పేరు మీద పాత తేదీలు వేసి ప్రోనోట్లు రాయించమన్నాడు. రేపు కోర్టు పంచే నాలుగు రూపాయల్లో మూడు మళ్ళీ మీ ఇంటికే వస్తాయి అన్నాడు. కుసుమకుమారి కాఫీ కూడా ముట్టకుండా లేచి వచ్చేసింది. ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికి లాయరెందుకు, మనమే రాసుకుందాం అంది. పెళ్ళికి ముందు నేర్చుకున్న టైపు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. కంప్యూటర్ల వీధిలో కంప్యూటర్ లేని ఇల్లయింది కనక జాన్‌బాబు గారి పాత టైపు మిషన్ పైకి తెచ్చుకుని, నాలుగు రోజులుగా ఆయన చెబుతుంటే కొడుతోంది. ఒక్కో కాగితానికీ కార్బన్ పెట్టి రెండేసి ప్రతులు.

ఉన్నది ఉన్నట్టు అని ఆనాడు ఎంత సులువుగా అందో ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు నవ్వు కూడా రాలేదు.

"ఎప్పుడిచ్చావు లచ్చమ్మా?" అని అడిగింది.

"నెల ఐతుంది. నువ్వు మీ అన్నగారి కొత్తింటికి పోయినవు చూడు, దానికి ముందుగాల రోజు. కొత్త బ్యాచ్ మొదలైతుంది, హాలుకు అడ్వాన్స్ కట్టాలె అన్నడు సారు. రేకులు తీసి స్లాబ్ ఎయ్యాలని చిట్టీ ఎత్తి పెట్టుకున్న పైసలు. మా పోచయ్య తాపీ పనోడే గద, కూలి ఖర్చు లేదు, సిమెంటుకు ఇనుప సలాకకు సరిపోతయనుకున్నం. పసుపు డబ్బల దాసిన. చెదలు పట్టదంటరు."

నెల కిందటికి ఇన్‌స్టిట్యూట్‌కు తాళం పడి రెండు వారాలైంది. కొత్త బ్యాచ్ లేదు, హాలు లేదు. కానీ కుసుమకుమారి ఆగిపోయింది అక్కడ కాదు. పసుపు డబ్బా దగ్గర.

రేపల్లెలో పెద్దన్నయ్య దుర్గేశ్వరరావు గృహప్రవేశం. అరవై వేలున్న కవరు తన చేతుల మీదుగా అన్నయ్య చేతిలో పెట్టింది. మూడేళ్ళ బాకీ. వదిన అందరి ముందూ లెక్కపెట్టుకుంది. సగానికి పైగా నోట్ల అంచులకు పసుపు అంటి ఉంది. గృహప్రవేశం పూట పసుపు నోట్లు వచ్చాయి, శుభం అని వదిన నవ్వితే, పంక్తిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు మూడేళ్ళ తర్వాత కుసుమకుమారి పుట్టింట్లో తలెత్తుకుని భోంచేసింది. పెరుగన్నం మారు కూడా అడిగింది.



జాన్‌బాబు గారు చూపు ఒకరి మీద నుంచి ఒకరి మీదకు మార్చి, మెల్లగా గొంతు సవరించుకున్నారు. లచ్చమ్మ పేరు రాయక తప్పదన్నారు. లిస్టులో లేని మనిషికి కోర్టు పంపకంలో వాటా ఉండదు. పైగా తెలిసీ వదిలేస్తే, ఇందులో రాసిందంతా నిజమని రామకృష్ణ గారు కింద పెట్టే ప్రమాణం అబద్ధమవుతుంది. ఆ తర్వాత ఇంకో మాట అడిగారు.

"ఈ మూడు నెలల్లో ఎవరికైనా ఒక్కరికే పూర్తిగా ముట్టజెప్పారా రామకృష్ణ గారూ? మిగతావాళ్ళను ఆపి ఒకళ్ళకే తీరిస్తే అది చెల్లదు. కోర్టు పెట్టే రిసీవరు వెనక్కి రాబట్టి అందరికీ పంచుతాడు. అదీ రాయాలి."

"లేదండీ," అన్నాడు రామకృష్ణ.

కుసుమకుమారి ఏమీ అనలేదు. ఆ అనకపోవడం జాన్‌బాబు గారికి వినబడింది. ముప్పై ఏళ్ళు బోను పక్కన కూర్చున్న మనిషి.

వెళ్ళేముందు ఆయన తన మామూలు జాగ్రత్తలన్నీ చెప్పారు. రేపు తొమ్మిదింటికి బస్‌స్టాపులో ఉంటానన్నారు. పదిన్నరకల్లా కోర్టులో కాగితాలు ఇచ్చెయ్యాలి. ప్రతి పేజీ కిందా రామకృష్ణ గారి సంతకం ఉండాలి, ఒక్కటి లేకపోయినా కట్ట తిరిగి చేతికిస్తారు.

"సర్టిఫికెట్ల మీద పెట్టినట్టు మీరు పెట్టెయ్యకండమ్మా," అన్నారు కుసుమకుమారితో, వాతావరణం తేలికపరచడానికి. "దొంగ సంతకమని తేలితే పిటిషనూ పోతుంది, పెట్టినవాళ్ళూ లోపలికి పోతారు."

అది ఈ ఇంట్లో పాత హాస్యం. పదకొండేళ్ళుగా ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ల మీద డైరెక్టర్ సంతకం కుసుమకుమారే పెట్టేది. బ్యాచ్‌కు వంద, నూటయాభై. రామకృష్ణకు తీరిక ఉండేది కాదు. ఆఖరికి అతని సంతకం అతనికంటే ఆమెకే బాగా కుదిరేది. ఒకసారి బ్యాంకులో అతని సొంత చెక్కు వెనక్కొస్తే, ఇంటికొచ్చి నీ దగ్గర నేర్చుకోవాలి కుసుమా అని నవ్వాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. జాన్‌బాబు గారు చెప్పులేసుకుని కిందికి దిగిపోయారు. లచ్చమ్మ కూడా బకెట్ నీళ్ళు పారబోసి, గుడ్డ పిండి ఆరేసి వెళ్ళిపోయింది. 

దీపాలు పెట్టే వేళైనా కుసుమకుమారి లైటు వెయ్యలేదు.

"నువ్వే కదా అడిగావు," అన్నాడు రామకృష్ణ, చీకట్లోంచి.

అవును, తనే అడిగింది. ఉగాదికి పుట్టింటికి వెళ్తే, పంక్తిలో వడ్డిస్తూ వదిన అంది, మా డబ్బుతో హైదరాబాదులో కంప్యూటర్లు కొనుక్కుని మాకు మాత్రం ఉత్తరం ముక్కయినా లేదు అని. తిరిగొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. పిల్లలు లేని మనిషికి ఆ పుట్టిల్లొక్కటే తనవాళ్ళున్న చోటు. మూడో రోజు మొగుడితో అంది, ఊళ్ళో అందరిదీ ఆగితే ఆగనివ్వండి, మా అన్నయ్యది మాత్రం తీర్చెయ్యండి.

"అడిగాను. తెచ్చి చేతిలో పెడితే, ఎక్కడి నుంచి తెచ్చారని మాత్రం అడగలేదు. అది నా తప్పు."

"పాతిక వేలు పాత కంప్యూటర్లు తూకానికి అమ్మితే వచ్చాయి. తక్కినవి ఎక్కడా పుట్టలేదు. బ్యాంకుల్లో లేవు, స్నేహితుల దగ్గర లేవు. నా మొహం చూసి ఫోన్ ఎత్తేవాళ్ళు కూడా లేరు. లచ్చమ్మ ఒక్కతే కాగితం అడక్కుండా ఇచ్చింది."

"ఆమెకు చదువు రాదు కనక అడగలేదు."

రామకృష్ణ లేచి రెండడుగులు వేసి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ తర్వాత చెప్పినదంతా నెమ్మదిగా, ముందే కూడబలుక్కున్నట్టు చెప్పాడు. లచ్చమ్మ పేరు రాస్తే డబ్బు ఎటు పోయిందని అడుగుతారు. అడిగితే అన్నయ్య పేరు రాయాలి. పిటిషన్ వేశాక లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ రిజిస్టరు పోస్టులో కాపీ వెళ్తుంది, అందరి పేర్లూ అందరూ చదువుతారు. రేపల్లెకు కూడా వెళ్తుంది. ఆ అరవై వేలూ తిరిగి కట్టమని మీ అన్నయ్య మెడ మీద కూర్చుంటారు. మీ వదిన ఆ కాగితం వీధంతా చదివిస్తుంది. ఐ.పి. పెట్టిన మొగుడు, అన్నను కోర్టుకీడ్చిన చెల్లెలు అంటారు. ఆ తర్వాత నువ్వు ఏ గడప తొక్కుతావు?

"లచ్చమ్మకు నేనిస్తాను కుసుమా. నా మాట మీద ఇచ్చింది, నా మాట మీదే తీరుస్తాను. ఆమెను ఆ పదిహేడు మందిలో కలపకు. కలిపితే రూపాయికి రెండణాలు కూడా చేతికి రావు."

"మీ మాట ఇప్పుడు రూపాయికి ఎన్ని అణాలండీ?"

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ పెదవి దాటిన మాటకు వెనక్కి దారి లేదు. రామకృష్ణ ఆమె వంక చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. సరిగ్గా అదే తనూ లెక్కేసుకుంటున్నట్టు చూశాడు.

బల్కంపేట పాట ఆగి, మైకులో ఎవరో తప్పిపోయిన పిల్ల గుర్తులు చెబుతున్నారు. ఎర్ర గౌను, ఎడమ చేతికి నల్ల గాజు. ఇద్దరూ అది పూర్తయ్యేదాకా విన్నారు.

కుసుమకుమారి లేచి లైటు వేసింది. మిషన్ ముందు కూర్చుని, కార్బన్ పెట్టి కాగితం ఎక్కించింది. అప్పుల లిస్టు చివర పదమూడో పేజీ అది; దాని వెనక వచ్చే రెండు పేజీలకు పద్నాలుగు, పదిహేను అని అప్పుడే అంకెలు వేసింది. ఒక్కో అక్షరం కొడుతుంటే వెనక పడక్కుర్చీలో అతను వింటున్నాడని తెలుస్తూనే ఉంది. పది నిమిషాల పని, అరగంట పట్టింది. తన అన్న పేరులో రెండుసార్లు తప్పు కొట్టి, దిద్దింది.

కాగితం తీసి, అందులో ఉన్నది తెలుగులో చెప్పింది.

"పద్దెనిమిది, లచ్చమ్మ, పోచయ్య భార్య, బల్కంపేట. కాగితం లేని చేబదులు, ముప్పై ఐదు వేలు. దాని కింద, మూడు నెలల లోపల పూర్తిగా తీర్చిన బాకీ. దుర్గేశ్వరరావు, రేపల్లె, పిటిషనర్ భార్యకు స్వయానా అన్న. అరవై వేలు. ఇచ్చింది పిటిషనర్ భార్య, తన చేత్తో."

"ఆ చివరి ముక్క ఎందుకు? అదెవరూ అడగలేదే."

"ఉండనివ్వండి."

 అతను అన్నం తిన్నాడు. తిన్న కంచం తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. పాతికేళ్ళలో ఎన్నడూ చెయ్యని పని. అది చూసి కుసుమకుమారికి భయం వేసింది.

"సంతకాలు పొద్దున పెడతాలే. కళ్ళజోడు కనబడటం లేదు," అన్నాడు.

కళ్ళజోడు అతని చొక్కా జేబులోనే ఉంది. ఆమె చూసింది, చెప్పలేదు. పెట్టనని అనలేదు, అంతే చాలనుకుంది. ఆశ ఉన్నచోట మనిషికి కళ్ళు సరిగా కనబడవు.

పొద్దున ఆరింటికి లేచేసరికి పక్క ఖాళీగా ఉంది.

బల్ల మీద కట్ట, పెడల్ కింద పొందికగా సర్ది ఉంది. పక్కనే మూత పెట్టిన కలం. ఒక్కో పేజీ తిప్పింది. ఒకటో పేజీ కింద సంతకం. రెండో పేజీ కింద సంతకం. ఎక్కడా చెయ్యి వణికిన గుర్తు లేదు. ఆస్తుల పేజీలో ఫ్రిజ్, పాత స్కూటర్, ఇరవై రెండు హెడ్‌ఫోన్లు, ఎనిమిది గ్రాముల ఉంగరం, అన్నిటి కిందా సంతకం. కుసుమకుమారి గుండె కాస్త కుదుటపడింది. పన్నెండో పేజీ తిప్పింది.

పదమూడో పేజీలో ఉండాల్సిన వాక్యాలు అక్కడ లేవు. అక్కడున్నది పద్నాలుగో పేజీ. మూల అంకె మాత్రం పదమూడు. పద్నాలుగును కలంతో దిద్ది పదమూడు చేశాడు. పదిహేనును పద్నాలుగు చేశాడు. దిద్దిన రెండు చోట్లా, కోర్టు పద్ధతి ప్రకారం, పక్కన పొడి సంతకం కూడా పెట్టాడు.

గుమ్మం దగ్గర అతని చెప్పులు లేవు. స్కూటర్ కిందే ఉంది.

ఆమెకు మొదట కోపం రాలేదు. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఈ మనిషి తన జైలు సంగతి ఆలోచించలేదు, తన పరువు సంగతి ఆలోచించలేదు. తన పెళ్ళాం రేపల్లెలో ఒక ఇంటి ముందు తల దించుకుని నిలబడకూడదని, అదొక్కటే ఆలోచించాడు. ఇంత ప్రేమ ఉన్నవాడు, అంత సులువుగా లచ్చమ్మ స్లాబ్ తీసి దానికి ఖర్చు పెట్టగలిగాడు. రెండూ ఒకే మనిషి చేసిన పనులే. ఏది చూసి ఏడవాలో ఆమెకు తెలియలేదు.

ఏడున్నరకు తలుపు చప్పుడైంది. పరుగున వెళ్ళి తీసింది. అతను కాదు, లచ్చమ్మ. ఆమె వచ్చే వేళ కాదది. చేతిలో చీపురు లేదు. కొంగు ముడి విప్పి, అందులో ఉన్నది బల్ల మీద పెట్టింది.

రామకృష్ణ ఉంగరం. పెళ్ళిలో కుసుమకుమారి నాన్న పెట్టింది.

"సారు తెల్లారంగనే మా ఇంటికి వచ్చిండమ్మా. లోపటికి రమ్మంటే రాలే. గిది చేతిల పెట్టి, నీ బాకీ దీంతోని తీరినట్టే లచ్చమ్మా, ఎవరన్న అడిగితే నాకేం రావాల్సింది లేదని చెప్పు అన్నడు. నేను మాట్లాడేలోపట్నే పోయిండు."

"ఎటు వెళ్ళారు?"

"మెయిన్ రోడ్డు దిక్కు. ఏ బస్సు ఎక్కిండో చూడలే. రథం కోసం దారంత జనమే."

కుసుమకుమారి కుర్చీలో కూలబడింది. ఎనిమిది గ్రాములు. మేలిమి కూడా కాదు. అమ్మితే నాలుగు వేలు. ముప్పై ఐదు వేలకు నాలుగు వేలు చెల్లగొట్టి, దానికి తీరిన బాకీ అని పేరు పెట్టి వెళ్ళాడు. ఆ ఉంగరం ఇప్పటికే ఆస్తుల పేజీలో ఉంది, కోర్టుకు అప్పగిస్తానని సంతకం పెట్టింది. అబద్ధం ఒకటి దాచబోయి దాని మీద ఇంకోటి పెట్టాడు.

"ఉంచుకో లచ్చమ్మా," అనబోయింది. అంటే లచ్చమ్మ ఉంచుకుంటుంది. పదమూడో పేజీ లేని కట్ట తీసుకుని తొమ్మిదింటికి బస్సెక్కవచ్చు. జాన్‌బాబు గారు అడిగితే, లచ్చమ్మది తీరిపోయిందండీ అనవచ్చు. గురువారం మొగుడు జైలుకు పోకుండా అడ్డుపడవచ్చు. అన్నయ్య ఇంటి గడప అలాగే ఉంటుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

లచ్చమ్మ నేల మీద కూర్చుని, బల్ల మీద కాగితాల కట్ట వైపు చేయి చూపించింది.

"ఉంగరం నాకెందుకమ్మా. అమ్మబోతే దొంగ సొమ్మనుకుంటరు. నిన్న నువ్వు పేర్లు చదువుతుంటే విన్న. బ్యాంకోళ్ళు, కంపెనోళ్ళు, షావుకార్లు. గా పెద్దోళ్ళందరికీ కోర్టు జవాబు చెప్తదట గద. నాకు రెండు రూపాయలే రానీ, పది రూపాయలే రానీ. నేను ఇచ్చిన్నని గా కాగితంల ఉండాలె. రేపు మా పోచయ్య అడిగితే, పైసలు ఏడబోయినయని, ఏం చెప్పాలె నేను? నాకు కోర్టు కాగితమొస్తే గది తెచ్చి నీకే ఇస్త, నువ్వే చదువుతవు. ఎప్పుడన్న వేరేటోళ్ళతోని చదివించిన్నా?"

లేదు. బల్కంపేటలో ఆ గదికి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా, ఆస్పత్రి చీటీ అయినా, ఏడేళ్ళుగా కుసుమకుమారే చదివి చెప్పింది. లచ్చమ్మ ఆమె చదివినదాన్ని ఎన్నడూ రెండోసారి అడగలేదు.

గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. కుసుమకుమారి లేచి, టైపు మిషన్ మూత పెట్టె తెరిచింది. రామకృష్ణ అన్నీ ఆలోచించాడు గానీ కార్బన్ సంగతి మరిచిపోయాడు. పదమూడో పేజీ రెండో ప్రతి, నీలి అక్షరాలతో, నిన్న ఆమె పెట్టినచోటే ఉంది. పద్దెనిమిదో పేరు. దాని కింద అన్నయ్య పేరు. దాని కింద తన చేత్తో అన్న మాట. అన్నిటి కిందా సంతకం కోసం వదిలిన ఖాళీ.

అతను తొమ్మిదిలోగా తిరిగి వస్తాడా అంటే, రాడు. రావాలనుకున్నవాడు అంకెలు దిద్ది వెళ్ళడు.

కట్ట ఊడదీసి, దిద్దిన అంకెల పక్కన మళ్ళీ పాత అంకెలు వేసింది. ఆ నీలి కాగితాన్ని పన్నెండుకూ పద్నాలుగుకూ మధ్య పెట్టింది. పెడల్ పక్కకు జరిపి, ఉంగరం దాని మీద పెట్టింది. పదకొండేళ్ళలో ఎన్ని వేల సర్టిఫికెట్లో, ఉద్యోగాలు రాని ఎంతమంది పిల్లలకో ఆ సంతకం ఆమె కళ్ళు మూసుకుని పెట్టింది. అప్పుడు ఎవరూ తప్పనలేదు.

ఈ కట్టను అబద్ధం కాకుండా చేసే కాగితం ఇదొక్కటే. దీనికే దొంగ సంతకం కావాల్సి వచ్చింది.

"రాసినవా అమ్మా?" అంది లచ్చమ్మ, లేచి వచ్చి పక్కన నిలబడి, చదవడం రాని కాగితాన్ని శ్రద్ధగా చూస్తూ. "ఏది నా పేరు?"

కుసుమకుమారి వేలు పెట్టి చూపించింది. తర్వాత కలం మూత తీసింది.